పెంటమ్మ చూసిన మూడు కొండలు

అనగా అనగా ఒక గోదారి. ఆ గోదారి మీద ఒక పడవ. ఆ పడవ అడుగున ఒక మనిషి.

పైన కూర్చున్నవాళ్ళెవరని అడుగుతారేమో. వాళ్ళు బోలెడుమంది. వాళ్ళ సంగతి వాళ్ళే చెప్పుకున్నారు, రాళ్ళ మీద చెక్కించుకున్నారు కూడా. ఈ కథ అడుగున కూర్చున్న మనిషిది.

ఎప్పటి మాటో ఎవరికీ తెలీదు. గోదారి మీదికి పొగపడవ రాకముందు. కొండల్లో మనుషుల కన్నా పులులు ఎక్కువగా ఉన్నప్పుడు. తాతలకి వాళ్ళ తాతలు చెప్పినప్పటికే అది పాత మాట.

గోదారి ఎగువన ఒక గండి ఉంది. మైదానంలో అవతలి ఒడ్డు కనపడకుండా, ఇష్టమొచ్చినట్టు ఒళ్ళు విరుచుకుని పారే ఏరు, అక్కడికొచ్చేసరికి రెండు కొండల మధ్య ఇరుక్కుని, ఒళ్ళు దగ్గరపెట్టుకుని నడుస్తుంది. అక్కడ ఊరు లేదు. దారి లేదు. పడవ దిగుదామంటే ఒడ్డు కూడా లేదు, రెండు పక్కలా నిలువునా రాయి. ఆ గండిలో వరసగా మూడు కొండలు. మొదటిది దూడకొండ, కాళ్ళు ముడుచుకుని పడుకున్న దూడలాగుంటుంది. రెండోది జడకొండ, ఆడమనిషి వీపు మీద జడలాగా మెలికలు తిరిగి ఉంటుంది. మూడోది చేటకొండ, గోడకి నిలబెట్టిన చేటలాగుంటుంది.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఒక నమ్మకం ఉండేది. బతికుండగా ఒక్కసారైనా ఆ మూడు కొండలూ చూడాలి. చూడని కళ్ళు చచ్చాక మూసుకోవు. కొడుకు నిమిరినా మూసుకోవు, కూతురు నిమిరినా మూసుకోవు, పూజారి వచ్చి మంత్రం చదివినా మూసుకోవు. తెరుచుకున్న కళ్ళతో పోయినవాళ్ళు ఆ కొండలు వెతుక్కుంటూ చీకట్లో తిరుగుతూనే ఉంటారట.

అందుకని వానలు వెనకబట్టి, వరద ఎరుపు దిగి, నీళ్ళు తేటపడగానే జనం పడవెక్కేవారు. దాన్ని కొండచూపు అనేవారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వచ్చేవారు. తీర్థానికి పోయేవాళ్ళు వచ్చేవారు. రేపో మాపో అన్నట్టున్న ముసలివాళ్ళని మంచంతో సహా మోసుకొచ్చేవారు. పులిహోర మూటలు, అరిసెల డబ్బాలు, మంచినీళ్ళ కుండలు. పోయేది ప్రాణం తేలిగ్గా పోయే ఏర్పాటు కోసమే అయినా, పోయే దారిలో ఆకలేస్తుంది కదా.

ఆ పడవ కర్ర పడవ. ఎంత నార కూరినా, ఎంత గుగ్గిలం పూసినా, దాని అడుగు చెమర్చేది. చెమట బొట్టవుతుంది. బొట్టు గుంటవుతుంది. గుంటని వదిలేస్తే పడవ మునుగుతుంది. కాబట్టి అడుగున ఒక మనిషి కూర్చుని, ఆ నీళ్ళు తోడి పారబొయ్యాలి. ఎండిన ఆనపకాయని సగానికి కోసి చేసిన బుర్ర ఒకటి ఉండేది. ముంచాలి, ఎత్తాలి, పారబొయ్యాలి. పడవ కదిలిన దగ్గర్నుంచి ఒడ్డు తాకేదాకా, ముంచాలి, ఎత్తాలి, పారబొయ్యాలి.

ఆ పని చేసే మనిషి పేరు పెంటమ్మ.

పేరు చూసి ముక్కు మూసుకోకండి. ఆవిడ ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోది పుట్టగానే తల్లి ఆ పసిగుడ్డుని తీసుకెళ్ళి ఊరి పెంట మీద దొర్లించింది. దొర్లించి, "ఇది నా పిల్ల కాదు, పెంట మీద దొరికింది, దీన్నెవరూ కోరరు" అని గట్టిగా, చావుకి వినపడేట్టుగా చెప్పి ఇంటికి తెచ్చుకుంది. చావు నిజమే అనుకుంది. పిల్ల బతికింది. అలా వచ్చిన పేరది. దండలేసి పెట్టిన పేర్లు చాలా ఉంటాయి, ప్రాణం అడ్డేసి పెట్టిన పేరు అది.

పెంటమ్మ తల్లి కూడా ఆ పడవలోనే నీళ్ళు తోడింది. తల్లి తల్లి కూడా. ఆ పని చేసేవాళ్ళకి ఒక కట్టడి ఉండేది. బుర్ర పట్టిన మనిషి పైబల్ల మీద కూర్చోకూడదు. కూర్చుంటే గంగమ్మకి కోపమొస్తుంది. బల్ల మీద కూర్చునేవాళ్ళు బుర్రని గాని, బుర్ర పట్టిన మనిషిని గాని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాళ్ళూ అడుగువాళ్ళయిపోతారు.

ఎవరు పెట్టారీ కట్టడి? గంగమ్మ వచ్చి చెప్పిందా? లేదు. పైబల్ల మీద కూర్చున్నవాళ్ళు చెప్పారు.

పడవ అడుగునుంచి కొండలు కనపడవు. రెండు పక్కలా పడవ చెక్కలు కనపడతాయి. తల పైకెత్తితే పైబల్లలూ, వాటి సందుల్లోంచి జనం కాళ్ళూ కనపడతాయి. పట్టీల కాళ్ళు, పగుళ్ళ కాళ్ళు, పారాణి కాళ్ళు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏటా ఆ గండిలోంచి పోతూ వస్తూ ఉన్న పెంటమ్మ, ఆ గండిని చూడలేదు.

చూడలేదు గాని, ఎరుగును. వీపు మీద ఎండ పోయి చల్లటి నీడ పడిందంటే దూడకొండ వచ్చినట్టు. పైవాళ్ళు మాట్లాడిన మాట మళ్ళీ వెనక్కొచ్చి వినపడిందంటే జడకొండ వచ్చినట్టు. మూడో కొండ దగ్గర ఒక చప్పుడు వినపడేది. చెర్ర్, చెర్ర్ మని, ఎడతెగకుండా, ఎక్కడో ఎత్తు మీదనుంచి. ఎవరో ఆడమనిషి చేట పుచ్చుకుని ధాన్యం చెరుగుతున్నట్టుండేది.

కొండ పేరు చేటకొండ. చప్పుడేమో చెరుగుడు చప్పుడు. ఇంక చెప్పేదేముంది? ఆ కొండ మీద ఒక మనిషి కూర్చుని చెరుగుతోందని చిన్నప్పుడే అనుకుంది పెంటమ్మ. ఎన్నేళ్ళకి పోయినా ఆ చెరుగుడు ఆగలేదు. అంత ధాన్యం ఎవరిదో. దానికి కాసేపు చేట దింపమని చెప్పేవాళ్ళే లేరేమో. ఎవరితోనూ అనలేదు గాని, మిగతా రెండు కొండలూ ఎలాగున్నా ఫరవాలేదు, ఆ మనిషి మొహం మాత్రం ఒక్కసారి చూడాలి అనుకునేది.

మొదటిసారి తల్లిని అడిగింది. అప్పటికి పెంటమ్మ పరికిణీ వయసు.

"అమ్మా, ఈ ఒక్కసారీ నువ్వు తోడు. నేను పైకెళ్ళి చూసొత్తాను."

"కొండలెక్కడికి పోతాయే," అంది తల్లి. "రేపు చూద్దువు గాని. తోడు."

ఆ రేపు రాకముందే తల్లి పోయింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. పెంటమ్మ తన చేత్తో నిమిరింది. మళ్ళీ నిమిరింది. చివరికి కొంగు చింపి కట్టి పంపించింది.

రెండోసారి సరంగుని అడిగింది. సరంగంటే పడవకి పెద్ద, చుక్కాని పట్టుకునేవాడు. అప్పటికి పెంటమ్మకి పెళ్ళయి, మొగుడు చెట్టు కొడుతూ కొమ్మ కింద పడి పోయి, పిల్లల్లేక ఒంటరిగా మిగిలింది.

"బాబూ, నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. కాసేపు పైకొత్తాను. కొండలు చూత్తాను."

సరంగు చెడ్డవాడు కాదు. కడుపునిండా అన్నం పెట్టేవాడు. "నువ్వు చూస్తే నీళ్ళెవరు తోడతారే పెంటమ్మా?" అన్నాడు. అని, ఆ ప్రశ్నకి జవాబు ఉండదన్నట్టు చుక్కాని తిప్పుకున్నాడు.

మూడోసారి ప్రయాణానికొచ్చిన ఒక పెద్దావిడని అడిగింది. అప్పటికి పెంటమ్మ ముసలిదయింది. పాత సరంగు పోయాడు, కొడుకు గవరయ్య సరంగయ్యాడు. ఆ పెద్దావిడ పేరు అచ్చాయమ్మగారు, మునసబుగారి తల్లి. ఆవిడది మంచి మనసని పేరు. పైబల్ల సందులోంచి వంగి చూసి, "అయ్యో, ముసలి ప్రాణానికి ఎంత కష్టమే" అందావిడ.

మంచిమాట వినగానే పెంటమ్మకి ధైర్యమొచ్చింది. "అమ్మగారూ, చేటకొండ వచ్చినప్పుడు ఈ బుర్ర కాసేపు పట్టుకుంటారా? ఒక్కసారి చూసి దిగిపోతాను. మా అమ్మ కళ్ళు మూసుకోలేదండి."

అచ్చాయమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. "నాకు మాత్రం జాలి లేదా? కాని బుర్ర పట్టుకుంటే రేపు వంటింట్లోకి రానిస్తారా నన్ను?" అంది. అని, ఒక అరిసె తీసి, సందులోంచి కిందకి జారవిడిచింది.

జాలి ఇచ్చింది. అరిసె ఇచ్చింది. చోటు మాత్రం ఇవ్వలేదు.

పెంటమ్మ ఆ అరిసె తింది. బాగుంది. తిని చెయ్యి తుడుచుకుని, ముంచింది, ఎత్తింది, పారబోసింది.

ఆ ఏడు చలికాలంలో దగ్గు పట్టుకుంది. వేసంకాలంలోనూ వదల్లేదు. వానలు వెళ్ళేసరికి గుడిసె దగ్గర్నుంచి రేవుకి దిగడానికి మధ్యలో కూలబడి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది. ఇంకో ఏడు లేదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చావంటే బెంగ లేదు. పుట్టినప్పుడే దాన్ని మోసం చేసి బతికిన మనిషి. బెంగల్లా కళ్ళ గురించే. కొంగు చింపి కట్టడానికి కూతురు కూడా లేదు.

ఆ ఏటి కొండచూపుకి పడవ నిండుగా ఉంది. మునసబుగారి అబ్బాయికి కొత్తగా పెళ్ళయింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వియ్యాలవారు, ముందుబల్ల మీద పరుపేసుకుని మునసబుగారు, ఆయన పక్కన తల్లి అచ్చాయమ్మగారు. గవరయ్య చుక్కాని పట్టాడు. గెడలతో పడవ నెట్టేవాళ్ళు ఇద్దరూ చెరోపక్కా నిలబడ్డారు. తూర్పుగాలి తెరచాపలో నిండింది. పెంటమ్మ అడుగున కూర్చుంది.

ముంచింది, ఎత్తింది, పారబోసింది.

పడవ మైదానం దాటింది. గండి మొదట్లోకొచ్చింది. పైన సందడి మొదలైంది. వీపు మీద ఎండ పోయి, చల్లటి నీడ పడింది.

పెంటమ్మ బుర్ర ముంచింది. ఎత్తింది. పారబోసింది. ఇంక ముంచలేదు. బుర్రని కొంగుతో శుభ్రంగా తుడిచింది. తను కూర్చునే చెక్క మీద బోర్లించి పెట్టింది. రెండు చేతులూ ఆనించి, దగ్గుకుంటూ, పైకెక్కింది.

ఈసారి ఎవర్నీ అడగలేదు.

దూడకొండ బాగా కనపడాలని మునసబుగారు అప్పుడే లేచి నిలబడ్డారు. ముందుబల్ల మీద ఆయన చోటు ఖాళీ అయింది. పెంటమ్మ వెళ్ళి ఆ పరుపు మీద కూర్చుంది.

వియ్యాలవారు చటుక్కున పక్కకి జరిగారు.

"ఏమే, ఎక్కడికొచ్చావు?" అన్నారు మునసబుగారు.

"కొండలు చూడ్డానికండి."

"నీళ్ళెవరు తోడతారు?"

"నేనడిగినప్పుడల్లా అందరూ ఆ మాటే అంటున్నారండి. ఈసారి మీరే చెప్పండి."

అని ఆవిడ తల ఎత్తింది. దూడకొండ ఎదురుగా ఉంది. పచ్చగా, నున్నగా, మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని పడుకున్నట్టుంది. ఇన్నాళ్ళూ వీపు మీద పడిన చల్లదనం ఇంత పెద్ద ఒంటిదా అనుకుంది పెంటమ్మ. చూడటం అలవాటు లేని మనిషిలాగా, కొండని కింద నుంచి పైకి, పైనుంచి కిందకి, మెల్లగా తడిమినట్టు చూసింది.

నీళ్ళు పైబల్లల కింద గలగలమన్నాయి. కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చున్నవాళ్ళ చీలమండలు తడిశాయి.

"అత్తా," అన్నాడు గవరయ్య వెనకనుంచి. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయినవాడు. "అత్తా, ఇక్కడ ఆపడానికి ఒడ్డు లేదు. నేను చుక్కాని వదల్లేను. వీళ్ళు గెడ వదల్లేరు. నీకు తెలీనిదా?"

"తెలుసు గవరయ్యా. నువ్వు చుక్కాని పట్టు. వాళ్ళని గెడ పట్టమను. మిగతావాళ్ళ చేతులన్నీ ఖాళీగానే ఉన్నాయిగా."

ఖాళీ చేతులవాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అడుగున బోర్లించి ఉన్న బుర్ర వైపు చూశారు. దాన్ని పాముని చూసినట్టు చూశారు.

"బుర్ర పట్టిన మనిషి బల్లెక్కితే గంగమ్మకి కోపమొస్తుందే," అన్నాడు పెళ్ళికొడుకు మామగారు.

"రానీండి. ఆవిడా నేనూ ఇన్నేళ్ళుగా మొహాలు చూసుకున్నవాళ్ళమే. ఏదన్నా ఉంటే మేమూ మేమూ మాట్లాడుకుంటాం."

నీళ్ళు పిక్కల్లోతుకొచ్చాయి. పులిహోర మూట ఒకటి తేలింది. పెళ్ళికూతురు పారాణి కరిగి, నీళ్ళు ఎర్రబడ్డాయి.

"పడవ మునుగుతుందే!" అన్నారు మునసబుగారు.

"ఆయ్, మునుగుతాదండి. నేనూ మునుగుతాను. కాకపోతే చూసి మునుగుతాను."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. వాన కురుస్తుందండీ అన్నంత నెమ్మదిగా అంది. అందుకే అందరికీ భయమేసింది. అరిచేవాళ్ళని ఇంకా గట్టిగా అరిచి లొంగదీసుకోవచ్చు. అరవని మనిషిని ఏం చేస్తారు? లాగి కిందకి తొయ్యొచ్చు కదా అంటారేమో. తొయ్యాలంటే ముట్టుకోవాలి. ముట్టుకోవడానికి ఎవరూ ముందుకి రాలేదు. వాళ్ళు పెట్టిన కట్టడే వాళ్ళ చేతులు కట్టేసింది.

పడవ రెండో కొండ కిందకొచ్చింది. మునసబుగారికి కోపం తలకెక్కింది. "దిగు! కిందకి దిగు!" అని గొంతు చించుకుని అరిచారు.

జడకొండ ఆ మాట అందుకుంది. మెలిక మెలికకీ తగిలించుకుని, ఆయన మొహం మీదికే తిరిగి పంపింది. కిందకి దిగు. కిందకి దిగు. కిందకి దిగు.

అప్పుడు అచ్చాయమ్మగారు నవ్వడం మొదలెట్టింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు.

"ఒరేయ్, కొండ నిన్నేరా అంటోంది," అంది కొడుకుతో.

"అమ్మా, నవ్వుతావేంటి? అవతల పడవ మునిగిపోతుంటే."

"మునగదు. నేను దిగుతున్నాను."

"అమ్మా! బుర్ర ముట్టుకుంటావా?"

"చీర మోకాళ్ళదాకా తడిసింది. తడిశాక ఇంకా మడేంటిరా నా మొహం?" అని ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తి దోపింది. "కిందటేడు ఇది నన్నడిగింది. అరిసె ఇచ్చాను. అరిసెలతో కళ్ళు మూసుకుంటాయా? మూడు కొండలూ నేను చూసేశాను. ఈ ఏడు మళ్ళీ చూడకపోతే నా కళ్ళకొచ్చిన లోటేం లేదు."

దిగింది. బుర్ర అందుకుంది. ముంచింది. ఎత్తింది. పారబోసింది, తిన్నగా కొడుకు కాళ్ళ మీద.

"గాలికి ఎదురు పొయ్యకండి అమ్మగారూ," అంది పెంటమ్మ, కొండ మీంచి చూపు తిప్పకుండానే. "అటుపక్కకండి."

రెండోసారి అచ్చాయమ్మగారు అటుపక్కకే పోసింది.

అది చూసి పెళ్ళికూతురు దిగింది, మంచినీళ్ళ చెంబుతో. పెళ్ళికూతురు దిగాక పెళ్ళికొడుకు దిగకపోతే బాగోదని అతనూ దిగాడు. వియ్యాలవారు అరిసెల డబ్బా ఖాళీ చేసి దాంతో తోడారు. ఒకాయన ఉత్తరీయం ముంచి పిండాడు. బొత్తిగా ఏమీ దొరకనివాళ్ళు దోసిళ్ళతో తోడారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరి చెయ్యీ రాలిపోలేదు. గంగమ్మకి కోపం రాలేదు. ఆ రోజు ఆవిడకి వేరే పనుందేమో, ఏరు ఎలా పారుతోందో అలాగే పారింది.

చిట్టచివరికి మునసబుగారు కూడా వెండిచెంబు తీశారు. నీళ్ళు తోడలేదనీ, కాళ్ళు కడుక్కున్నాననీ ఆయన బతికినంత కాలం చెప్పారు. ఎక్కువసేపే కడుక్కున్నారు.

పైన పెంటమ్మ ఒక్కతే కూర్చుంది. జడకొండ మెలికలన్నీ చూసింది. ఒక మెలికలో నెమలి కూర్చునుంది, దాన్నీ చూసింది. గాలి మొహానికి తగిలింది. పడవలో మొహానికి గాలి తగులుతుందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

అప్పుడు వినపడింది. చెర్ర్, చెర్ర్ మని.

పెంటమ్మ కొంగు సర్దుకుంది. జుట్టు వెనక్కి తోసుకుంది. ఎవరింటికో వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర సర్దుకున్నట్టు.

పడవ మలుపు తిరిగింది. చేటకొండ నిలువునా నిలబడి ఉంది. దాని నెత్తి మీదనుంచి, నల్లటి రాతి మీదుగా, తెల్లగా, సన్నగా, నీళ్ళు రాలుతున్నాయి. కాస్త రాలి, గాలికి చెదిరి, మళ్ళీ రాలుతున్నాయి. ఆ చప్పుడే చెర్ర్, చెర్ర్ మంటోంది.

కొండ మీద మనిషి లేదు. చేట లేదు. ధాన్యం లేదు.

పెంటమ్మ చాలాసేపు చూసింది. ఎక్కడైనా మొహం కనపడుతుందేమోనని రాయి రాయీ వెతికింది. పడవలో అందరూ తోడటం ఆపి ఆవిడ వైపు చూశారు, ఏమంటుందోనని.

"ఓసినీ," అంది పెంటమ్మ. "ఇదీ నీళ్ళేనా."

అని నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. కింద మోకాళ్ళ మీద ఉన్న అచ్చాయమ్మగారు, బుర్ర చేత్తో పట్టుకునే, "ఏంటే, ఏమైందే?" అని అడిగింది.

"చెరుగుతోందనుకున్నానమ్మగారూ ఇన్నాళ్ళూ. చెరగట్లేదు. తోడతా ఉంది. అక్కడ పైన కూడా ఎవత్తో కూచుని నీళ్ళు తోడి పారబోత్తా ఉంది."

నవ్వు తగ్గాక మళ్ళీ అంది.

"ఒక్కత్తే తోడుకుంటా ఉంది పాపం. దానికెవరు పడతారో వంతు."

అచ్చాయమ్మగారు తల వంచుకుని, ముంచింది, ఎత్తింది, పారబోసింది.

చేటకొండ దాటింది. గండి వెడల్పయింది. ఎండ మళ్ళీ వీపుల మీద పడింది. పెంటమ్మ లేచి, "చాలండి. ఇంక ఇటియ్యండి," అని బుర్ర కోసం చెయ్యి చాపింది.

అచ్చాయమ్మగారి అరిచెయ్యి పొక్కిపోయింది. ఆయాసపడుతోంది. అయినా బుర్ర ఇవ్వలేదు.

"కూచోవే. అవతలి ఒడ్డు నువ్వు చూడనే లేదు. తిరుగు ప్రయాణంలో అటు తిరిగి కూచుందువు గాని."

అలా తిరుగు ప్రయాణంలో కూడా పెంటమ్మ ముందుబల్ల మీదే కూర్చుంది. అటు తిరిగి కూర్చుంది.

ఆ చలికాలంలోనే పెంటమ్మ పోయింది. తెల్లారగట్ల గుడిసె పొయ్యిలోంచి పొగ రాకపోతే గవరయ్య చూడ్డానికెళ్ళాడు. చాప మీద వెల్లకిలా పడుకునుంది. పడవలో ఎప్పుడూ వంగి ఉండే మనిషి, తిన్నగా సాగి పడుకుంది. గవరయ్య పక్కన కూర్చుని, కళ్ళు నిమరడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకున్నాడు.

కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఎవరూ నిమరకుండానే.

మరుసటేడు వానలు వెళ్ళాయి. నీళ్ళు తేటపడ్డాయి. జనం పడవెక్కి బల్లల మీద కూర్చున్నారు. అడుగున ఆనపబుర్ర ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకునే మనిషి లేదు. గవరయ్య పడవ విప్పలేదు. చుక్కాని మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. ఎండెక్కింది. జనం గొణిగారు.

"ఏం గవరయ్యా, కదలవేం?"

"నీళ్ళెవరు తోడతారో చెప్పండి, కదుల్తాను."

అప్పుడు ఒడ్డు మీదనుంచి అచ్చాయమ్మగారు, కొడుకు వద్దంటున్నా కర్ర పొడుచుకుంటూ వచ్చి పడవెక్కింది. ఎక్కి, బల్లలన్నీ దాటుకుని, తిన్నగా అడుక్కి దిగింది. బుర్ర చేతిలోకి తీసుకుంది.

"మొదటి వంతు నాది," అంది. "తర్వాత ఎవరిదో చూసుకోండి."

తర్వాత ఎవరిదో చూసుకున్నారు. అప్పట్నుంచీ ఆ గండిలో వంతులే. బుర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి పోయేది. ముంచాలి, ఎత్తాలి, పారబొయ్యాలి, పక్కవాళ్ళకివ్వాలి. దూడకొండ దగ్గర మొగమాటపడ్డవాళ్ళు కూడా చేటకొండ వచ్చేసరికి చెయ్యి చాపేవారు.

కర్ర పడవలు పోయాయి. పొగపడవలొచ్చాయి, అవీ పోయాయి. ఇప్పుడు లాంచీలొచ్చాయి. రంగురంగుల కుర్చీలు, పైన రేకుల కప్పు, పాటల పెట్టె. ఇనప అడుగు, చెమట పట్టదు. పట్టినా తోడటానికి మోటారుంది. అయినా ఆ గండిలో తిరిగే ప్రతి లాంచీ ముందుభాగాన ఒక ఆనపబుర్ర వేలాడుతూ ఉంటుంది. చేటకొండ కిందకి రాగానే లాంచీ నెమ్మదిస్తుంది. జనం అంచుకొచ్చి, వంగి, దోసెడు నీళ్ళు తీసుకుని, పైనుంచి రాలే ఆ ధార వైపు విసురుతారు. విసురుతూ, "పెంటమ్మా, నా వంతు" అంటారు. పిల్లలు అంటారు. పట్నంనుంచి వచ్చిన నల్లకళ్ళద్దాలవాళ్ళు కూడా, పక్కవాళ్ళని చూసి, అంటారు.

ఒక లాంచీలో మైకు పట్టుకునే మనిషికి ఆ పేరు పలకడానికి సిగ్గేసి, పద్మావతమ్మ అని మార్చి చెప్పాడట. వెనక కుర్చీలోంచి ఒక ముసలమ్మ లేచి, "చావు కూడా ముట్టుకోడానికి జడిసిన పేరది. నువ్వెవడివిరా దానికి పౌడరు రాయడానికి?" అని అడిగిందట. అతను మళ్ళీ మార్చలేదు.

ఇంకొకటుంది. లాంచీ అడుగున, ఇంజను పక్కన, కిటికీ లేని గదిలో ఒక వంటమనిషి ఉంటుంది. అందరికీ అన్నం, పప్పు, చేపల పులుసు వండేది ఆవిడే. దూడకొండ నీడ పడగానే పైనుంచి ఎవరో ఒకరు మెట్ల దగ్గరకొచ్చి ఆవిడని కేకేస్తారు. ఆవిడ పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ పైకొస్తుంది. ముందువరస కుర్చీలో ఎంత గొప్పవాళ్ళున్నా లేస్తారు. మూడు కొండలూ దాటేదాకా ఆవిడ అక్కడే కూర్చుంటుంది.

అందుకే కొండచూపుకెళ్ళినప్పుడు లాంచీలో పెట్టే అన్నం ఎప్పుడూ కాస్త అడుగంటి ఉంటుంది. ఆ మాడు వాసనకి ఎవరూ మొహం చిట్లించరు. పెంటమ్మ ప్రసాదం అని, అడిగి మరీ వడ్డించుకుంటారు.